పంతొమ్మిదో నిమిషంలో ఏముంది?

కిందటి వారం మన పెద్దచెవిని స్టూలు మీంచి సగం లేచిన భంగిమలో వదిలేసి వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా ఆయన అలాగే ఉన్నాడు. ఈ వారమైనా పూర్తిగా లేవనిద్దాం.

కథ మరిచిపోయినవాళ్ళకూ, దారిన పోతూ ఈ పేజీ దగ్గర ఆగినవాళ్ళకూ నాలుగు ముక్కలు. పెద్దచెవి అసలు వృత్తి కుట్టుమిషన్లు బాగుచేయడం. మిషను గుమ్మంలో దింపుతుండగానే చక్రం ఒక్క చుట్టు తిప్పి, "షటిల్లో దారం చిక్కుకుంది, కింద నూనె ఎండిపోయింది" అని చెప్పగల చెవి ఆయనది. పని లేని వేళల్లో అదే చెవికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కొట్టు మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని ఒక గ్రూపు నడుపుతుంటాడు. అందులో నాలుగువందల మంది. అందరూ గ్యారేజీల్లోనో, పడకగదుల్లోనో సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు. గిటార్లు ఉరిమించే మెటల్ వాళ్ళు, మీటలు నొక్కి చప్పుళ్ళు పుట్టించే ఎలక్ట్రానిక్ వాళ్ళు, నలభై నిమిషాల సేపు ఏమీ జరగనివ్వని యాంబియంట్ వాళ్ళు. ఒకరి పాట ఒకరు విని, మనసు నొప్పించకుండా అభిప్రాయం చెప్పుకోవాలి. దానికి మూడు ముక్కల పద్ధతి పెట్టింది పెద్దచెవే: నచ్చింది ఒకటి, సరిచేయాల్సింది ఒకటి, చివర ఒక ప్రశ్న. పాటను మధ్యలో ముందుకు తొయ్యకూడదు. ఒకసారి రాసిన మాట చెరపకూడదు. అసలు పేర్లు వాడకూడదు.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాడు. కొట్టు పై వాటాలో ఉండే అన్నయ్యకూ వదినకూ అసలే తెలియదనుకున్నాడు. కిందటి వారం చివర్లో వదిన మిషను నూనె కావాలంటూ దిగివచ్చి, తెర మీద పేరు చూసి, తలుపుకు లోపల గడియ పెట్టి, "పెద్దచెవి అంటే నువ్వేనా?" అంది. అక్కడ ఆగాం.

"నేనే వదినా," అని ఒప్పుకుని పెద్దచెవి పూర్తిగా లేచి నిలబడ్డాడు.

వదిన గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ లైబ్రేరియన్. ముప్పై ఏళ్ళుగా పెదాల మీద చూపుడు వేలు పెట్టుకుని బతికిన మనిషి. ఇంట్లో కూడా ఆవిడ మాట పక్క గదికి దాటి వచ్చిన దాఖలా లేదు. ఇక అన్నయ్య సంగతి సరేసరి. నీటి సరఫరా ఆఫీసులో పంపుల దగ్గర ఉద్యోగం. పగలంతా ఆ రొదలో ఉండి ఇంటికొచ్చాక, "ఊఁ", "ఊహూఁ" అనే రెండు మాటలతో పాతికేళ్ళ కాపురం నెట్టుకొచ్చాడు. సాయంత్రం నడకకని వెళ్ళి ఆరుకు పది నిమిషాల ముందు ఇల్లు చేరతాడు. ఆ ఇంట్లో మాటలన్నీ తమ్ముడి వాటాకే వచ్చాయని చుట్టాలు వేళాకోళం చేస్తుంటారు.

వదిన చేతిసంచిలోంచి ఒక లైబ్రరీ కార్డు తీసింది. దాని వెనక తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఏదో రాసుకొచ్చింది. కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"నచ్చింది: ఈ పాటలో గొంతు లేకపోవడం. ఎంతో ధైర్యం కావాలి. ఇంత మంచి గిటార్ల మీద ఎవరో ఒకరు నోరు చేసుకుని ఉంటే పాట పాడైపోయేది. సరిచేయాల్సింది: బేస్ ఇంకాస్త పెంచండి. ప్రశ్న: ఇక ముందు కూడా గొంతు పెట్టబోమని మాటిస్తారా?" కార్డు దించింది. "ఇది రాసింది నువ్వేగా?"

"నేనే. తుప్పు అని ఒక మెటల్ బ్యాండు ఉంది లెండి, వాళ్ళ పాటకి. మంచిగానే రాశాను కదా వదినా? అయినా ఈ గోల మీకెందుకు?"

"ఆ గొంతు నాది."

పెద్దచెవి నవ్వాడు. నవ్వకూడని చోట నవ్వడం ఆయనకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. వదిన మొహం చూశాక ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియక దగ్గుగా మార్చాడు.

"ఏ గొంతు వదినా? పాటలో గొంతే లేదు."

"ఉంది."

"మూడుసార్లు విన్నాను."

"ముప్పైసార్లు పాడాను."

ఆ తర్వాత ఆవిడ చెప్పిన కథ పెద్దచెవి నోరు తెరుచుకుని విన్నాడు. ఒక బస్సు డ్రైవరు లైబ్రరీ పుస్తకాన్ని పదకొండు నెలలు తన దగ్గరే ఉంచుకుని, సగం పేజీల చెవులు మడిచి, అట్ట మీద టీ గ్లాసు మరకతో తెచ్చి ఇచ్చాడట. లోపల అరవకూడదు కదా. అందుకని వదిన అతన్ని మర్యాదగా బయట సైకిళ్ళు పెట్టే చోటుకు తీసుకెళ్ళి, ముప్పై ఏళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటపెట్టింది. సైకిల్ గంటలు వాటంతట అవే మోగాయని డ్రైవరు ఇప్పటికీ చెబుతాడు. అంతా విని అతను చేతులు జోడించి, "మేడమ్, మా బ్యాండులో పాడతారా?" అని అడిగాడు. అతను గిటారు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఒకాయన డ్రమ్ములు. పాట రాసింది కూడా వదినే. పేరు 'గడువు దాటింది'.

"వారానికి రెండు రోజులు స్టాకు లెక్క చూడాలని ఇంట్లో చెప్పి వెళ్ళేదాన్ని," అంది వదిన. "మీ అన్నయ్య ఊఁ అనేవారు. ఏ స్టాకు, ఎందుకు అని ఒక్కనాడైనా అడగలేదు. సరే, అది ఆయన తీరు. కానీ నువ్వు అలా కాదే. నువ్వు అందరి పాటా వింటావట కదా. ఎవరినీ నొప్పించవట కదా. యాభై నాలుగేళ్ళకి మొదటిసారి నోరు తెరిచానయ్యా. అది లేకపోవడమే బాగుందన్నావు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే పెద్దచెవికి అంత కష్టం అనిపించేది కాదు. ఎదురుగా ఉన్న మిషను చక్రం పట్టుకుని ఊరికే తిప్పుతూ నిలబడ్డాడు.

"పెద్దచెవి మాటంటే మావాళ్ళకి వేదం," అంది మళ్ళీ. "మధ్యాహ్నం డ్రమ్ములాయన ఫోన్ చేశాడు. 'మేడమ్, పెద్దచెవి గారే చెప్పాక మేమెంత. గొంతు తీసేసి పాట పంపించేశాం. వచ్చేవారం నుంచి ప్రాక్టీసుకి మీరు శ్రమపడక్కర్లేదు' అన్నాడు. శ్రమట."

ఆ పంపడం ఎక్కడికో పెద్దచెవికి బాగా తెలుసు. ఏడాదికోసారి గ్రూపు తరఫున ఒక ఆల్బమ్ వస్తుంది. అందులో పది పాటలు. ఆ లిస్టు ఈ సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. ఆ తర్వాత దేవుడొచ్చి తలుపు తట్టినా తీసేది లేదు. గోడ గడియారంలో అయిదుంబావు అయింది.

"వదినా, మీ మీద ఒట్టు, నాకు గొంతు వినపడలేదు. కావాలంటే మీరే వినండి. నా మీద అభాండం వెయ్యకండి," అని తన హెడ్‌ఫోన్లు ఆవిడ చేతికిచ్చి, గ్రూపులోంచి పాట తీసి మొదలుపెట్టాడు.

వదిన విన్నది. కాసేపటికి ఆవిడ పెదాలు కదిలాయి. ఎక్కడ మొదలవ్వాలో అక్కడ, తన మాటలు తాను లోపల పాడుకుంటోంది. పాడుతూ పాడుతూ ఆగిపోయింది. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"తీసేశారు," అంది మెల్లగా. "పాత పాటలోంచి కూడా తీసేశారు. నేనసలు పాడలేదన్నట్టే చేశారు."

వెంటనే డ్రమ్ములాయనకు ఫోన్ కలిపింది. అవతల ఎవరి పన్నో అరగదీస్తున్న చప్పుడు, దాని మీద డ్రమ్ములాయన గొంతు.

"అయ్యో, లేదు మేడమ్! ఆల్బమ్‌కి పంపిన దాంట్లోనే తీశాం. గ్రూపులో ఉన్న పాత పాట ముట్టుకోలేదు. నాకిక్కడ ఇప్పుడే వినపడుతోంది కదా. కుర్చీలో ఉన్న పేషంటుకు కూడా వినపడింది, పాపం ఉలిక్కిపడ్డాడు."

ఫోన్ పెట్టేసి వదిన మరిది వైపు చూసింది. లైబ్రరీలో ఎవడైనా పేజీ చించుతున్నట్టు చప్పుడైతే చూసే చూపు అది.

"పేషంటుకు వినపడింది. నీకు వినపడలేదు."

"నేనేం చెవిటివాణ్ణి కాదు వదినా!" పెద్దచెవికి రోషం వచ్చింది. హెడ్‌ఫోన్లు లాక్కుని తలకు తగిలించుకున్నాడు. "ఇదిగో, గిటారు. ఇదిగో, తాళాలు. గొంతేదీ? మీరు కూడా విన్నారుగా! ఏదీ గొంతు?"

"సరిగ్గా విను!" అని వదిన చెయ్యి విసిరింది. ఆ విసురులో హెడ్‌ఫోను తీగ ఆవిడ గాజుకు తగులుకుని బిగుసుకుంది.

"ఇవ్వు! ఇవ్వు! తిరిగి ఇవ్వు! గడువు దాటింది, పేజీ మడిచినోడా, గడువు దాటింది!"

ఆ అరుపు హెడ్‌ఫోన్లలోంచి రెండు చెవుల్లోకీ దూరి నడినెత్తిన కలుసుకుంది. పెద్దచెవి స్టూలుతో సహా వెనక్కి పడ్డాడు. పడుతూ పడుతూ దారం చుట్టే బాబిన్ల డబ్బాను పట్టుకున్నాడు. రెండువందల బాబిన్లు కొట్టంతా దొర్లాయి. ఆయన కింద కూర్చునే, చెవులు పట్టుకుని, పైకి చూశాడు. ఎదురుగా తెల్లటి నేత చీరలో, మెడలో వేలాడే కళ్ళజోడు తాడుతో వదిన.

"అది... అది మీరేనా?"

"ఎలా ఉంది?" అంది వదిన. ఇంత కోపంలోనూ ఆ ప్రశ్న అడగకుండా ఉండలేకపోయింది. పాడినవాళ్ళెవరూ ఉండలేరు.

"వదినా," అన్నాడు పెద్దచెవి, "నాకు భయం వేసింది." తన ఎనిమిదేళ్ళ అభిప్రాయాల్లో ఇంత నిజాయితీ గల ముక్క ఇంకోటి లేదు. వదిన కళ్ళల్లో మొదటిసారి కాస్త వెలుగు కనపడింది.

తీగ వదులైంది. గొంతు మళ్ళీ మాయమైంది. బిగించి లాగాడు, వచ్చింది. వదిలాడు, పోయింది. ఇక చెప్పేదేముంది, అందరి మిషన్లకూ రోగం చెప్పే మనిషి తన హెడ్‌ఫోను పిన్ను విప్పి చూసుకున్నాడు. లోపల మూడు తీగలుంటాయి. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, రెండింటికీ ఉమ్మడిగా మూడోది. ఆ మూడో తీగ అతుక్కోకుండా పక్కన ఊరికే ఆనుకుని ఉంది. ఎనిమిది నెలల కిందట పాత పిన్ను విరిగితే కొత్తది తన చేతులతో తానే అతికించుకున్నాడు. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"మూడోది లేకపోతే ఏమవుతుంది?" అని అడిగింది వదిన.

"త్రాసులో రెండు వైపులా ఒకే బరువు పెడితే ముల్లు కదలదు చూడండి, అలాగవుతుంది. రెండు చెవులకీ సమానంగా వచ్చేదంతా కొట్టుకుపోతుంది. అటో ఇటో తేడాగా ఉన్నదే వినపడుతుంది. మీ గొంతు మీవాళ్ళు సరిగ్గా నట్టనడిమిన పెట్టారు. అందుకే మొత్తం పోయింది."

"మరి మిగతావాళ్ళ పాటలు?"

పెద్దచెవి పిన్ను కింద పెట్టాడు. నడిమిన పెట్టేది గొంతొక్కటే కాదు. అడుగున మోగే బేస్ పెట్టేదీ అక్కడే, డ్రమ్ముల దెబ్బ పెట్టేదీ అక్కడే. ఎనిమిది నెలలుగా ఎవరి పాట విన్నా పలచగా, పాలు కలపని టీలా ఉందనిపించేది. కాలం మారింది కాబోలు అనుకున్నాడు. మనసు నొప్పించకుండా అందరికీ ఒకటే రాశాడు: బేస్ ఇంకాస్త పెంచండి. వాళ్ళు పెంచారు. మళ్ళీ పంపారు. ఇంకాస్త, అన్నాడు. గొంతును దూరంగా, గుహలోంచి వస్తున్నట్టు పెట్టినవాళ్ళది మాత్రం ఆ గుహ మిగిలి వినపడేది. "గొంతును దాచిన తీరు అద్భుతం," అని మెచ్చుకున్నాడు. దాంతో గ్రూపులో ఉన్న మెటల్ వాళ్ళంతా గుహల్లోకి దూరారు. నాలుగువందల మంది సంగీతం ఒక తీగ మీద పక్కదారి పట్టింది.

"ఎంత మంచిగా చెప్పావో అందరికీ," అంది వదిన, వంగి బాబిన్లు ఏరుతూ. "వినలేదంతే."

ఆ మాట పెద్దచెవికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రాసిన మాట చెరపకూడదని నియమం పెట్టిందీ తనే. చెరపలేడు కాబట్టి దాని కిందే రాయాలి. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నాలుగువందల మంది ముందు ఇన్నేళ్ళుగా కట్టుకున్న పేరు ఒక్క మీట దూరంలో ఉంది. వెనక్కి చూస్తే వదిన గడియారం చూస్తోంది. రాశాడు.

'గడువు దాటింది పాట మీద కొత్త అభిప్రాయం. నచ్చింది: గొంతు. నేను స్టూలు మీంచి పడ్డాను. సరిచేయాల్సింది: నా హెడ్‌ఫోన్లు. ఎనిమిది నెలలుగా పాడై ఉన్నాయి, అప్పటినుంచీ మీ పాటల్లో నడిమి భాగం నాకు వినపడలేదు. ప్రశ్న: నన్ను క్షమిస్తారా?'

మీట నొక్కాడు. తర్వాత తేనెతుట్టె కదిలింది.

'అంటే మీ మాట విని నేను బేస్ పెంచితే, మా కింద వాటావాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళింది ఊరికేనా?' అని ఒక ఎలక్ట్రానిక్ ఆయన. 'నేను కొత్త గుహ కొన్నాను సార్, అదే, ఎకో మిషను,' అని ఒక మెటల్ ఆయన. 'డ్రమ్ములు లేని కొత్త బాణీకి ఆద్యుడినని మీరు నన్ను పొగిడారు. అందులో డ్రమ్ములు తప్ప ఇంకేం లేవు,' అని ఇంకొకాయన. చివర్న ఒకావిడ మాత్రం, 'పరవాలేదండీ, ఇంకొకరైతే ఈ మాత్రం కూడా ఒప్పుకోరు,' అని రాసింది. పెద్దచెవి ఆ ఒక్క ముక్కా రెండుసార్లు చదువుకున్నాడు.

వదిన ఫోన్ మోగింది. డ్రమ్ములాయన. ఈసారి పన్ను చప్పుడు లేదు. పేషంటును నోరు తెరిపించి వదిలేసి వచ్చినట్టున్నాడు.

"మేడమ్, చూశాం మేడమ్! క్షమించండి మేడమ్! గొంతున్న పాట ఇప్పుడే మళ్ళీ పంపిద్దామంటే లిస్టు తెరుచుకోవడం లేదు. పంపిన పాట మార్చాలంటే మౌనస్వామి గారు ఒప్పుకోవాలట. ఆయన ఒప్పుకుంటే ఒక్క నిమిషం పని. ఆరింటికి మాత్రం మూసేస్తారు మేడమ్!"

అయిదు ఇరవై ఎనిమిది. పెద్దచెవి తల పట్టుకున్నాడు.

"ఎవరీ మౌనస్వామి?"

"గ్రూపులో యాంబియంట్ వాళ్ళకి పెద్ద. ఆల్బమ్ లిస్టు ఆయన చేతుల్లోనే ఉంటుంది. ఎవరో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. మాట్లాడడు వదినా, అదే చిక్కు. అభిప్రాయం కూడా ఇలా రాస్తాడు చూడండి." తెర మీద చూపించాడు.

'నచ్చింది: ఊఁ. సరిచేయాల్సింది: ఊహూఁ. ప్రశ్న: ఊఁ?'

"మీ అన్నయ్యలాంటివాడే ఇంకొకడు," అంది వదిన. "పాపం, వాళ్ళావిడ ఎవరో."

"ఎవరేం అడిగినా తిరిగి ఒకటే ప్రశ్న వేస్తాడు. 'నీళ్ళు' అని ఆయన పాట ఒకటుంది, నలభై నిమిషాలు. అందులో పంతొమ్మిదో నిమిషంలో ఏముంది అని అడుగుతాడు. చెప్పినవాళ్ళ పనే చేస్తానంటాడు. అయిదు నెలలుగా అడుగుతూనే ఉన్నాడు. ఒకాయన శూన్యం అన్నాడు. ఒకావిడ, నేనే ఉన్నాను అంది. ఒకతను ఏడుస్తూ అమ్మ అన్నాడు. అందరికీ ఊహూఁ అనే చెప్పాడు."

"నువ్వు విన్నావా?"

"నలభై నిమిషాలూ విన్నది గ్రూపులో నేనొక్కణ్ణే!" అన్నాడు పెద్దచెవి గర్వంగా. అని, తన అప్పటి అభిప్రాయం వెతికి తీశాడు. ఇద్దరూ చదివారు.

'నచ్చింది: పంతొమ్మిదో నిమిషంలో వచ్చే ఆ లోతైన ఖాళీ. సరిచేయాల్సింది: ఏమీ లేదు. ప్రశ్న: ఇంత నిశ్శబ్దం ఎక్కడ నేర్చుకున్నారు?'

వదినా మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖాళీ అన్న మాట విలువ ఈ కొట్లో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

పెద్దచెవి సోల్డరింగ్ కడ్డీ ప్లగ్గులో పెట్టాడు. వదిన ఫోన్ లైటు పట్టుకుంది. మూడో తీగను ఈసారి నూలు దారం సూదిలోకి ఎక్కించినంత జాగ్రత్తగా అతికించి, ఊది, ఊడి వస్తుందేమోనని లాగి చూశాడు. రాలేదు. అయిదు నలభై ఒకటి. హెడ్‌ఫోన్లను విడదీసి ఒక డిప్ప తన చెవికి, ఒకటి వదిన చెవికి ఆనించి, 'నీళ్ళు' మొదలుపెట్టాడు. పైపుల్లో ఎక్కడో నీళ్ళు కదులుతున్న సన్నటి రొద. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"ముందుకు తొయ్యి," అంది వదిన.

"మా గ్రూపులో పాటను ముందుకు తొయ్యడం మహాపాపం వదినా."

"నా గొంతు పీకేయించడం పుణ్యమా? తొయ్యి!"

తోశాడు. పద్దెనిమిదో నిమిషం దాటింది. రొద మెల్లగా తగ్గుతూ వచ్చింది. పంతొమ్మిదో నిమిషంలో ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. తర్వాత నట్టనడిమిన, ఎటూ ఒరగకుండా, ఒక మగ గొంతు పలికింది. మాటలు వాడి అలవాటు లేనివాడిలా, ఒక్కొక్క మాటే తీసి పెడుతోంది.

"తమ్ముడూ. నువ్వు పిన్ను అతికించిన రోజు నేను పక్కనే ఉన్నాను. మూడో తీగ అతకలేదు. చెబుదామనుకున్నాను. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు."

వదిన కదల్లేదు. ఆ గొంతు ఎవరిదో ఆవిడకు ఒకరు చెప్పాలా? పాతికేళ్ళలో ఆ మనిషి నోట ఒక్కసారిగా ఇన్ని వాక్యాలు ఆవిడ వినడం ఇదే మొదలు, అంతే.

"నువ్వు మొత్తం వింటావు కాబట్టి ఇందులో పెట్టాను," అంది గొంతు. "విన్నాక పైకి రా. ఇంకొక సంగతి. మీ వదినకి చెప్పకు. నేను రోజూ వెళ్ళేది నడకకి కాదు. పంపుల గదిలో కూర్చుని ఇవి చేసుకుంటున్నాను. ఆవిడకి చప్పుడంటే గిట్టదు."

నీళ్ళు మళ్ళీ కదిలాయి. వదిన డిప్పను చెవి మీంచి తీసి, రెండు చేతుల్లో పట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"గిట్టదట," అంది. "నాకు. చప్పుడంటే."

గడియారంలో ఆరుకు పది. బయట చెప్పుల చప్పుడు మెట్ల దాకా వెళ్ళింది, ఆగింది, వెనక్కి తిరిగింది. కొట్టు తలుపు మీద రెండు వేళ్ళతో తట్టిన చప్పుడు. పెద్దచెవి బాబిన్ల మీద జారుతూ వెళ్ళి గడియ తీశాడు.

గుమ్మంలో అన్నయ్య. చేతిలో ఫోను, దాని తెర మీద మూయడానికి సిద్ధంగా ఉన్న ఆల్బమ్ లిస్టు. ఆయన తమ్ముణ్ణి చూశాడు, నేలంతా పరుచుకున్న బాబిన్లను చూశాడు, భార్య చేతిలోని హెడ్‌ఫోన్లను చూశాడు. వాటిలోంచి సన్నగా తన నీళ్ళే పారుతున్నాయి. మొహంలో రంగులు మారాయి. తమ్ముడు ఆగలేదు.

"అన్నయ్యా, తుప్పు వాళ్ళ పాట మార్చాలి. గొంతున్నది పెట్టాలి. ఆరు లోపల. నువ్వొక్క ఊఁ అంటే చాలు."

అన్నయ్య ఫోను వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఇంత అయ్యాక కూడా నియమం నియమమే కాబట్టి, మెల్లగా అడిగాడు.

"పంతొమ్మిదో నిమిషంలో ఏముంది?"

"చెబుతాను," అంది వదిన లేచి నిలబడి. "ముందు మీరొకటి వినాలి. హెడ్‌ఫోన్లు అక్కర్లేదు."

కళ్ళజోడు తీసి మిషను మీద పెట్టింది. తలుపు దగ్గరికి వెయ్యమని మరిదికి సైగ చేసింది. పెద్దచెవి తలుపు వేసి, స్టూలును గోడకు ఆనించి గట్టిగా పట్టుకున్నాడు. వదిన మొగుడి ఎదురుగా, రెండడుగుల దూరంలో నిలబడి, ఊపిరిని కడుపు దాకా లాగింది.